పగలు ఇళ్లల్లో ఎవరుంటారమ్మా?

మొన్న మంగళవారం పొద్దున పదీ పదికి కరెంటు పోయింది. అప్పుడు నేను క్లయింటు కాల్‌లో ఉన్నాను. ఆ వారం రిలీజులో ఏమేం వెళ్తున్నాయో స్క్రీన్ షేర్ చేసి ఒక్కొక్కటీ చెప్తున్నాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఫ్యానూ లైటూ రౌటరూ ఆగలేదు, కానీ వీధి మొదట్లో స్తంభానికి కట్టిన కేబుల్ పెట్టెకి ఇన్వర్టర్ లేదు, దానికి కరెంటు పోతే వీధి మొత్తానికి నెట్ పోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మళ్ళీ కాల్‌లోకి వచ్చేసరికి ఆరు నిమిషాలు గడిచాయి. మా మేనేజరు ఏమీ అనలేదు, అనే మనిషి కాదు, అయినా ఆ ఆరు నిమిషాలూ నాకు పట్టిన టెన్షన్ నాకు తెలుసు.

కాల్ అయ్యాక బయటికి వెళ్ళి చూస్తే లైన్‌మన్ నిచ్చెన వేసుకుని మా కొబ్బరి మట్టలు కొడుతున్నాడు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను మీద పని కోసం కరెంటు ఆపించడం) తీసుకున్నారట, రెండింటి దాకా ఇంతే. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి, బాబాయ్ అనే పిలుస్తాను. "బాబాయ్, ముందు రోజు ఒక మాట చెప్పచ్చు కదా, ఆఫీసు పనిలో ఉన్నాను" అన్నాను. ఆయన మట్ట కింద పడేసి, చాలా మామూలుగా, "పగలు ఇళ్లల్లో ఎవరుంటారమ్మా? ఆడాళ్ళే కదా. అందుకే పొద్దున్న పూట పెట్టుకుంటాం, సాయంత్రం అయితే అందరూ ఇళ్ళకొచ్చేస్తారు, గొడవైపోద్ది" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన చెప్పింది ముప్పై ఏళ్ళ లెక్క, అప్పట్లో అది సరైన లెక్కే. మగవాళ్ళు ఆఫీసులకీ మిల్లులకీ పొలాలకీ పోతారు, పిల్లలు బడికి పోతారు, పది నుంచి రెండు దాకా ఇళ్లకి కరెంటు అంత అవసరం లేదు, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళ పని ఎవరూ పని కింద లెక్కపెట్టలేదు. ఊరి రోజంతా ఆ లెక్క మీదే నడుస్తోంది. నీళ్ళు వదిలే టైము, లైబ్రరీ తెరిచే టైము, అంగన్‌వాడీ టైము, బస్సు టైము, చెత్త బండి వచ్చే టైము, అన్నీ. పని చేసే చోటు మారిపోయింది, పని చేసే గంటలు మారిపోయాయి, ఊరి టైంటేబుల్ మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రభుత్వాలు ఈ మార్పు గురించి మాట్లాడటం లేదని అనను, చాలానే మాట్లాడుతున్నాయి, జీవోలు ఇస్తున్నాయి, పాలసీలు రాస్తున్నాయి. కానీ వాళ్ళ చూపంతా బిల్డింగుల మీద ఉంది. మాకు కావాల్సింది టైంటేబుల్.

కొంచెం నా సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఒక మునిసిపాలిటీలో ఉంటాను. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి రెండు రోజుల ముందు, మాదాపూర్ హాస్టల్ ఖాళీ చేసి రెండు బ్యాగులతో ఇంటికొచ్చాను, రెండు వారాలే కదా అనుకుని. తర్వాత కంపెనీ పిలిచింది, వెళ్ళాను, మళ్ళీ హైబ్రిడ్ అన్నారు, ఇప్పుడు నెలకి ఒక వారం హైదరాబాదు, మిగతా మూడు వారాలు ఇక్కడ. రాత్రి రైలెక్కితే పొద్దున్నే లింగంపల్లిలో దిగుతాను. మా వీధిలో నలభై ఇళ్ళుంటే ఏడు ఇళ్లల్లో ఇలాంటి ఉద్యోగాలే. ఒకబ్బాయి రాత్రి ఏడు నుంచి తెల్లవారుజాము మూడు దాకా అమెరికా టైములో పని చేస్తాడు, పగలు పడుకుంటాడు, వాళ్ళమ్మ మునిసిపాలిటీ మైకు బండి వస్తే పరిగెత్తుకెళ్ళి మా అబ్బాయి పడుకున్నాడు బాబూ, సౌండు తగ్గించమని బతిమాలుతుంది.

2025 మొదట్లో వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి సర్వేకి వచ్చింది, వర్క్ ఫ్రమ్ హోమ్ సర్వే అని. చేతిలో ఫోను, అందులో యాప్. వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. ఎంత వరకు చదివారు, ఇప్పుడు ఉద్యోగం ఉందా, ఇంటి నుంచి పని చెయ్యడం ఇష్టమేనా, నెట్ ఉందా, పని చేసుకోడానికి విడిగా గది ఉందా, ఇలా అడుగుతూ పోయింది. విడిగా గది దగ్గర మా వదిన ఆగిపోయింది. ఆవిడ ఎం.కామ్ చదివింది, పెళ్ళికి ముందు రాజమండ్రిలో అకౌంట్స్ చేసేది, బాబు పుట్టాక మానేసింది. గది అయితే ఉందమ్మా, అందులో మా మావయ్యగారు పడుకుంటారు, బాబు ఆడుకుంటాడు, మరి ఉందనాలా లేదనాలా అని అడిగింది. ఆ అమ్మాయి పాపం చాలాసేపు ఆలోచించి, "అక్కా, ఎస్ పెట్టేస్తాను, నో పెడితే మీకే ఛాన్స్ పోద్దేమో" అంది.

ఆ సర్వే ఊరికే రాలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామని ప్రకటించారు. ప్రతి నగరంలో, పట్టణంలో, మండలంలో ఐటీ పని చేసుకునే చోట్లు పెట్టేవాళ్ళకి రాయితీలు ఇచ్చేలా ఐటీ, జీసీసీ (పెద్ద కంపెనీలు వేరే దేశాల్లో పెట్టుకునే సొంత ఆఫీసులు) పాలసీ 4.0 తెచ్చామని చెప్పారు. అంతకు ముందున్న ప్రభుత్వం కూడా 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ టౌన్స్ అని ఒక ఆలోచన చేసింది. ఇంకా వెనక్కి పోతే 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ మొదలైంది, నెలకి 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ అని, కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. పార్టీలు మారినా ఆలోచన ఒకటే దారిలో నడిచింది, ఇది మంచి విషయమే అని మనస్ఫూర్తిగా అంటున్నాను. మా వదినలాంటి వాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు, వాళ్ళ చదువు అలా మూలపడి ఉండటం నాకు ఎంత బాధో చెప్పలేను.

కానీ ఆ సర్వేలో బాబుని ఎవరు చూసుకుంటారు అనే ప్రశ్న ఆ అమ్మాయి అడగలేదు. పగలు కరెంటు ఎన్నిసార్లు పోతుంది అని అడగలేదు. ఇంటి నుంచి పని అంటే ఆడవాళ్ళకి వరం అని అందరూ అనేస్తారు గానీ, పిల్లాడు ఒళ్ళో ఉండగా జీఎస్టీ రిటర్నులు వెయ్యడం ఎలా ఉంటుందో వేసినవాళ్ళకి తెలుసు. చట్టం సంగతి చూడండి, 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలు క్రెష్ (పని గంటల్లో పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాలన్నారు, సెలవు అయ్యాక పనిని బట్టి ఇంటి నుంచి చేసుకునే వీలు యజమానితో మాట్లాడుకోవచ్చనీ అదే చట్టంలో పెట్టారు. రెండూ ఒకే సవరణలో వచ్చాయి. ఇంటి నుంచి చేస్తే మాత్రం ఆ క్రెష్ ఎక్కడో హైదరాబాదులో ఉంటుంది, పిల్లాడు ఇక్కడ ఉంటాడు. మా వార్డులో అంగన్‌వాడీ ఉంది, టీచరు చాలా మంచావిడ, కానీ వాళ్ళు చూసుకునే పిల్లలు మూడేళ్ళు నిండినవాళ్ళు, సాయంత్రం నాలుగయ్యేసరికి పిల్లలు ఇళ్ళకి వచ్చేస్తారు. రెండేళ్ళ పిల్లాడితో మా వదిన ఏం చెయ్యాలి? ఆడవాళ్ళకి ఇంటి దగ్గర ఉద్యోగం అనే పాలసీలో మొదటి ఖర్చు క్రెష్ మీద పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను, ఇంకొక బిల్డింగుకి రాయితీ ఇవ్వడం దాని తర్వాతే.

బిల్డింగుల గురించి కూడా అనేస్తాను. తెలంగాణ వాళ్ళు హైదరాబాదు బయట ఐటీ టవర్లు కట్టారు, కరీంనగర్, ఖమ్మంలలో 2020లో, మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్, నల్గొండల్లో 2023లో తెరిచారు. ఇక్కడ 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. వద్దని నేను అనను, పెద్ద కంపెనీ వస్తే చుట్టూ ఎంతమందికి పని దొరుకుతుందో హైదరాబాదులో కళ్ళారా చూశాను. కానీ మా ఊరి నుంచి విశాఖ వెళ్ళి ఉద్యోగం చేసే అమ్మాయికీ, హైదరాబాదు వెళ్ళి చేసే అమ్మాయికీ తేడా ఏముంది? రెండూ ఊరు వదలడమే. ఊళ్ళో ఉండి చేసుకునేవాళ్ళకి ఎకరాలు అక్కర్లేదు. ఇరవై కుర్చీలు, ఆగని నెట్టు, శుభ్రమైన బాత్రూము ఉంటే చాలు.

అది మా ఊళ్ళో ఇప్పటికే ఉంది, అదే నన్ను తినేస్తుంది. శాఖా గ్రంథాలయం. పాత పెంకుటింటి నుంచి మార్చి డాబా కట్టారు, రెండు పెద్ద హాళ్ళు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. మధ్యలో తాళం. రోజులో పని గంటలన్నీ సరిగ్గా ఆ తాళం వెనకాల ఉన్నాయి. పొద్దున పేపర్ చదువుకుని ఆఫీసుకి పోయేవాళ్ళూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పుస్తకం మార్చుకునేవాళ్ళూ పాఠకులు అనుకున్న రోజుల్లో పెట్టిన వేళలు అవి. ఇప్పుడు గ్రూప్స్‌కి చదివే పిల్లలు పదకొండింటికి బయటికొచ్చి మెట్ల మీద, చెట్టు కింద కూర్చుని నాలుగు దాకా అక్కడే చదువుతారు, మే నెలలో కూడా. డబ్బు లేదా అంటే, మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను, 1960 నాటి చట్టం ప్రకారం. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, ఆ గడి ఉంటుంది. మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. ఒక లైబ్రరీని పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచడానికి కావాల్సింది ఇంకో మనిషి జీతం, ఒక మంచి ఇన్వర్టర్, ఫైబర్ లైను. మండలానికి ఒక వర్క్‌స్పేస్ అనే మాట నిజంగా జరగాలంటే నాకు కనపడే దగ్గరి దారి ఇదే.

ఇక పన్ను సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం పేస్లిప్పు చూసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. ప్రతి నెలా నా జీతంలో 200 రూపాయలు వృత్తి పన్ను కట్ అవుతుంది. కంపెనీ ఆఫీసు హైదరాబాదులో ఉంది కాబట్టి అది తెలంగాణకి పోతుంది. ఆంధ్రలో ఉన్నా స్లాబు ఇంతే, జీతం 20,000 దాటితే నెలకి 200, ఉమ్మడి రాష్ట్రం నాటి లెక్క రెండు వైపులా అలాగే ఉంది. ఎక్కువా తక్కువా అని కాదు నా బాధ. ఈ పన్ను అసలు ఊరి పన్ను. రాజ్యాంగం 276వ అధికరణలో, రాష్ట్రం గానీ మునిసిపాలిటీ గానీ జిల్లా బోర్డు గానీ వెయ్యచ్చని స్పష్టంగా ఉంది, ఏడాదికి 250 దాటకూడదని మొదట్లో పెట్టి, 1988లో 60వ సవరణతో 2,500 చేశారు, అప్పటి నుంచి ఇప్పటి దాకా అంతే. పక్కన తమిళనాడులో, కేరళలో ఈ పన్నుని ఇప్పటికీ స్థానిక సంస్థలే వసూలు చేసుకుంటాయి. మన దగ్గర 1987 చట్టంతో రాష్ట్రం చేతికి వెళ్ళింది, వాణిజ్య పన్నుల శాఖ వసూలు చేస్తుంది.

మనిషి పని చేసే ఊరికి, అక్కడి రోడ్డుకి, నీళ్ళకి, దీపాలకి ఆ మనిషి సంపాదనలోంచి కొంచెం ఇవ్వాలన్నది ఆ పన్ను వెనకున్న ఆలోచన. నేను నెలకి మూడు వారాలు ఈ ఊరి నీళ్ళు తాగుతాను, ఈ ఊరి డ్రైనేజీ వాడతాను, ఈ ఊరి స్తంభం మీద నుంచి వచ్చే తీగతో సంపాదిస్తాను. నా వృత్తి పన్నులో ఒక్క రూపాయి ఈ ఊరికి రాదు. మా వీధిలో ఏడుగురిది కలిపితే ఏడాదికి 16,800, చిన్న మొత్తమే, కానీ మా వార్డులో ఎన్ని వీధులు, ఊళ్ళో ఎన్ని వార్డులు? ఎక్కడ కూర్చుని పని చేస్తే అక్కడి మునిసిపాలిటీకి అందులో సగమైనా వచ్చేలా చేస్తే, అప్పుడు కమిషనరుగారికి మేము లెక్కలోకి వస్తాం. పన్ను కట్టేవాళ్ళ వీధిలో మధ్యాహ్నం కరెంటు తీసే ముందు ఎవరైనా ఒక నిమిషం ఆలోచిస్తారు. రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారం, కష్టం అంటారా, సరే, కనీసం రాష్ట్రం లోపల విజయవాడ కంపెనీకి మా ఊళ్ళో కూర్చుని పని చేసేవాళ్ళతో మొదలుపెట్టచ్చు.

పని గంటల గురించి రెండు రాష్ట్రాలూ ఒకేసారి కదిలాయి. 2025 జూన్‌లో ఆంధ్ర మంత్రివర్గం రోజుకి 9 గంటల పరిమితిని 10 చెయ్యడానికి ఆమోదం తెలిపింది. జులైలో తెలంగాణ జీవో ఇచ్చింది, దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటలు, వారానికి మాత్రం 48 దాటకూడదు, దాటితే ఓటీ (ఓవర్‌టైమ్) ఇవ్వాలి, ఆరు గంటలకొకసారి అరగంటన్నా విరామం, విరామంతో కలిపి 12 గంటలు దాటకూడదు, మూడు నెలల్లో ఓటీ 144 గంటలు మించకూడదు. కార్మిక సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, ఫ్యాక్టరీల్లో నిలబడి పని చేసేవాళ్ళ విషయంలో నేను వాళ్ళ వైపే, ఎనిమిదో గంట తర్వాత చెయ్యి మిషన్లో పడే ప్రమాదం పెరుగుతుందని ఫ్యాక్టరీలో పనిచేసిన మా నాన్న చెప్పగా విన్నాను.

ఇంటి నుంచి పని చేసేవాళ్ళకి ఈ అంకె ఎలా లెక్కపెట్టాలో నాకు అర్థం కాదు. పొద్దున తొమ్మిదికి లాగిన్ అవుతాను, మధ్యలో అమ్మకి బీపీ మాత్ర ఇస్తాను, కుక్కర్ దించుతాను, సాయంత్రం ఆరుకి అయిపోయిందనుకుంటాను, తొమ్మిదిన్నరకి అవతలి దేశం వాళ్ళు నిద్ర లేచి ఒక చిన్న ప్రశ్న అంటారు, అది పదకొండు దాకా నడుస్తుంది. తొమ్మిది నుంచి పదకొండు, అంటే 14 గంటల నిడివి. ఐటీ కంపెనీలకి దుకాణాలు, సంస్థల చట్టంలో వేళల వంటి కొన్ని సెక్షన్ల నుంచి ఏళ్ళుగా మినహాయింపు ఉంది కూడా. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు దుకాణంలోకి వచ్చి రిజిస్టరు చూడగలడు, మా వరండాలోకి వచ్చి ఏం చూస్తాడు? లాగిన్, లాగౌట్ లెక్క కంపెనీ సర్వర్లో ప్రతి సెకనుకీ ఉంటుంది. దాన్ని ఉద్యోగికి నెలనెలా పేస్లిప్పుతో పాటు ఇవ్వాలని ఒక్క లైను జీవోలో రాస్తే చాలు. ఆ కాగితం చేతిలో ఉంటే మిగతాది మేం మాట్లాడుకుంటాం.

ఇంతా రాసి, రోడ్డు మీద పని చేసేవాళ్ళ గురించి రాయకపోతే తప్పు చేసినట్టే. మా వీధి చివర కానుగ చెట్టు ఉంది. ఐదారేళ్ళ క్రితం దాని కింద రిక్షా తాతలు ఉండేవారు, ఇప్పుడు నలుగురైదుగురు డెలివరీ కుర్రాళ్ళు బళ్ళ మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. అందులో ఒకతను నాకు బాగా పరిచయం, డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఇదే పని రెండేళ్ళు చేసి, రూము అద్దె కట్టలేక వచ్చేశాడు. ఒకరోజు మంచినీళ్ళ సీసా నింపుకోడానికి మా గేటు దగ్గరికి వచ్చాడు. సీసా నిండేదాకా మాట్లాడుకున్నాం. "నీళ్ళు ఎవరో ఒకరు ఇస్తారక్కా, బాత్రూముకే కష్టం, బస్టాండు దాకా పోవాలి, ఈలోపు ఆర్డరు వస్తే పోయినట్టే, అందుకని మధ్యాహ్నం నీళ్ళు తక్కువ తాగుతాం" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, ఎండాకాలంలో, నీళ్ళు తక్కువ తాగుతాం అంటున్నాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

వీళ్ళ కోసం చట్టాలు వస్తున్నాయి, ఆ విషయంలో నాకు నిజంగా సంతోషం. రాజస్థాన్ 2023లో దేశంలో మొదటి చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసింది, వాళ్ళకి ఇచ్చే ప్రతి చెల్లింపు మీద కంపెనీ నుంచి 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము. తెలంగాణలో 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వీళ్ళని పిలిచి మాట్లాడి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు, 2025 ఏప్రిల్‌లో బిల్లు ముసాయిదా జనం ముందు పెట్టారు, నవంబరులో మంత్రివర్గం ఆమోదించింది. అదే నవంబరు 21న కేంద్రం సామాజిక భద్రతా కోడ్‌ని అమల్లోకి తెచ్చింది, కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలని అందులో ఉంది. నీతి ఆయోగ్ 2022లో చెప్పిన లెక్క ప్రకారం 2020-21లో దేశంలో ఇలాంటి పనివాళ్ళు 77 లక్షలు, 2029-30కి 2.35 కోట్లు అవుతారు.

అయితే హైదరాబాదులో చేసినప్పుడూ ఇక్కడ చేస్తున్నప్పుడూ ఈ కుర్రాడి యాప్ అదే, బండి అదే, చేసే పని అదే, తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చినా అది మాత్రం సరిహద్దు దాటి అతనితో రాదు. పైగా చట్టాలన్నీ బీమా, నిధి, రిజిస్ట్రేషన్ల చుట్టూ తిరుగుతున్నాయి, అవి కావాలి, కానీ బాత్రూము రాష్ట్ర చట్టంలో దొరకదు, మునిసిపాలిటీ కట్టాలి. చెన్నై కార్పొరేషను 2025లో అన్నానగర్‌లో డెలివరీ పనివాళ్ళ కోసం ఏసీ విశ్రాంతి గది కట్టింది, బాత్రూము, ఫోన్ ఛార్జింగ్, బళ్ళు పెట్టుకునే చోటుతో సహా. ఏసీ లేకపోయినా పర్లేదు, మాకు ఒక షెడ్డు, కుళాయి, రెండు బాత్రూములు కట్టడానికి రిక్షా స్టాండు స్థలం ఇంకా మునిసిపాలిటీ పేరు మీదే ఉంది.

హైదరాబాదు వెళ్ళిన వారం ఇదే సమస్య ఇంకో రూపంలో కనపడుతుంది. పెద్ద వాన అంటే సైబరాబాద్ పోలీసులు ఇంటి నుంచే పని చెయ్యమని ఐటీ కంపెనీలని కోరతారు, 2023 జులైలో అయితే ఒక్కో ప్రాంతంలో ఆఫీసులు ఒక్కో సమయానికి వదలాలని టైములు కూడా ఇచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, రోడ్డు మీద తేడా తెలిసింది. అంటే ఆఫీసు వేళలు మార్చడం ఒక రోడ్డు వెయ్యడంతో సమానంగా పని చేస్తుందని పోలీసులకి తెలుసు, వాన వెలిశాక ఆ మాట అందరూ మర్చిపోతారు. మెట్రో కథ ఇంకా పెద్దది. కరోనా తర్వాత ఎక్కేవాళ్ళు తగ్గి నష్టాలు పెరిగాయి, నష్టాలకి వేరే కారణాలూ ఉన్నాయి గానీ జనం రోజూ ఆఫీసుకి పోకపోవడం అందులో ఒకటి, చివరికి 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ వాటాని రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోడానికి ఒప్పుకుంది, సుమారు 13,000 కోట్ల అప్పుతో పాటు. మనుషులు ఎక్కడ కూర్చుని పని చేస్తారు అనే లెక్క మారితే బిల్లు ఎంత వస్తుందో ఇంతకన్నా ఎలా చెప్పాలి?

మా ఊరి దగ్గరికి వస్తాను. మట్టలు కొట్టిన ఆ వారమే మా వీధి ఏడుగురం, పక్క రెండు వీధుల వాళ్ళూ కలిసి ఒక అర్జీ రాశాం. ఎక్కువ అడగలేదు. ఎల్‌సీ ఉన్నప్పుడు ముందు రోజు సాయంత్రం వార్డు గ్రూపులో పెట్టాలి, వీలైతే రెండు గంటలకి మించకుండా చూడాలి. లైబ్రరీ మధ్యాహ్నం తెరవాలి. కానుగ చెట్టు దగ్గర బాత్రూములు కట్టాలి. ఇరవై మూడు సంతకాలు, అందులో నాలుగు డెలివరీ కుర్రాళ్ళవి, ఒకటి మా వదినది. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చాం, రసీదు ఇచ్చారు. లైబ్రరీ విషయం జిల్లాకి పంపామని చెప్పారు. బాత్రూముల విషయం కౌన్సిల్లో పెట్టాలట, వచ్చే సమావేశానికి మేం నలుగురం వెళ్ళి కూర్చోవాలని అనుకున్నాం, నేను ఆ పూట సెలవు అడిగాను.

నిన్న రాత్రి ఎనిమిదింటికి లైన్‌మన్ బాబాయ్ వార్డు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "రేపు పదకొండు నుంచి పన్నెండున్నర దాకా రామాలయం వీధి, వెనక వీధి లైను తీస్తున్నామండి, ఫోన్లు, కంప్యూటర్లు ఛార్జింగ్ పెట్టుకోండి, కాల్సున్నవాళ్ళు ముందే చూసుకోండి." నేను పదకొండింటి మీటింగు రెండుకి జరిపాను.